తాడు మీద మిగిలిన ముడి

రంగులు వేసి, పరదాలు కట్టి, మనుషులు కాపురం చేస్తున్న ఇంట్లో గోడ లోపలి నుంచి కొత్త తీగ లాగడం ఎలాగో మీకు ఎవరూ సరిగా చెప్పరు. బోర్డు బిగించడం చెబుతారు, మీటరు చూడడం చెబుతారు. గోడ లోపల పైపు ఎటు తిరిగిందో మాత్రం ఆ పైపు వేసినవాడికే తెలుసు. వాడు అప్పటికి ఇంకో సైటులో ఉంటాడు. అందుకే తీగ ఇరుక్కున్నప్పుడల్లా వాడిని తిడతాం. నేనూ ముప్పై ఏళ్లు తిట్టాను. ఒక్కసారి మాత్రం ఆ తిట్లన్నీ నా మీదికే తిరిగి వచ్చాయి. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

మోకాళ్లు మొరాయించి పని మానేశాను. రాయడం యాభై అయిదు దాటాక నేర్చుకున్నాను కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొడుగు వాక్యం మొదలుపెడితే చివరికి వచ్చేసరికి మొదలేమిటో మరిచిపోతాను.

మాది మాదాపూర్ పక్క ఊరు. ఇప్పుడు దాన్ని ఊరంటే నవ్వుతారు. అద్దాల బిల్డింగుల నడుమ నాలుగు సందులు, ఒక కల్లు దుకాణం, మిగతావన్నీ హాస్టళ్లు. నా చిన్నప్పుడు అక్కడంతా బండలే. మా నాయన బండలు కొట్టేవాడు, నేనూ కొట్టాను. బండలు పోయిన చోట పునాదులు లేచాయి, నాకు పునాదుల్లో పని దొరికింది. బడికి మాత్రం పోలేదు.

చదువు రాకుండా కరెంటు పని ఎలా చేశావని అడుగుతారు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ చూడడానికి చదువు అక్కర్లేదు. ఒకే రంగు తీగలు పది వస్తే టేపు చుట్ల లెక్క. ఒక చుట్టు వంటగది, రెండు చుట్లు హాలు, మూడు చుట్లు పెద్ద పడకగది. నా తోటివాళ్లు తీగ మీద పెన్నుతో రాసేవాళ్లు, చెమట తగిలి ఆ రాత చెరిగిపోయేది. నా చుట్లు చెరగలేదు. దాని మీద నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం అని రాశాను గానీ, చాలానే ఉండేది.

స్లాబు పైపుల దగ్గర కూడా అదే పొగరు. స్లాబు పోసే ముందు ఇనుప చువ్వల మధ్య పైపులు పరుస్తాం. వాటి చివర్లు గోడ రాబోయే చోట కిందికి తెరుచుకుని ఉంటాయి. గోడ లేచాక గోడ పైపును ఆ నోటికి అతికిస్తాం. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు ఆ నోట్లోంచి పైకి పాకితే పైపు పని అయిపోయినట్టే. అందుకని నోటికి ఏదో ఒకటి కుక్కుతాం. అందరూ సిమెంటు బస్తా కాగితం కుక్కేవాళ్లు. అది నానిపోతుంది. నేను నా పాత లుంగీలు చింపి తెచ్చేవాణ్ని, నీలం గళ్లవి. గుడ్డను మూడు మడతలు వేసి, నడుమ గట్టిగా ముడి వేసి, కింది నుంచి పైకి కుక్కి, జానెడు తోక బయటికి వదిలేవాణ్ని. స్లాబు కింద కట్టిన సెంట్రింగు పలకలు విప్పాక ఆ తోక పట్టి లాగితే గుడ్డ మొత్తం వచ్చేస్తుంది. సైటులో అందరికీ అది నవ్వులాట.

"ఇగ వీనికి కట్టుకునేటందుకు ఏం మిగల్లే. అన్ని లుంగీలు స్లాబుకే కట్టిండు" అనేవాళ్లు.

ఎన్ని పైపులకు గుడ్డ పెట్టామో లెక్క ఉండాలి. మిగతావాళ్లు గోడ మీద బొగ్గుతో అంకెలు వేసేవాళ్లు. నేను ఒక సుతిలి తాడు మీద ముడులు వేసేవాణ్ని. గుడ్డ పెట్టినప్పుడు ఒక ముడి, తీసినప్పుడు ఒక ముడి విప్పేవాణ్ని. తాడు సాపు అయితే పని అయినట్టు.

ఇక అసలు సంగతి. కరోనా రెండోసారి వచ్చి తగ్గుముఖం పట్టిన రోజులు. పొద్దున ఎనిమిదింటికి ఫోను వచ్చింది. సైబర్ టవర్స్ వెనక సందుల్లో అయిదంతస్తుల అపార్టుమెంటు ఒకటి ఉంది. పన్నెండేళ్ల కింద దాని పైపులు మేమే వేశాం. అక్కడి వాచ్‌మన్ దగ్గర నా నంబరు ఉంది. మాట్లాడింది మూడో అంతస్తులో ఉండే ఒక అమ్మాయి.

"అంకుల్, మా అమ్మని ఈరోజు సాయంత్రం డిశ్చార్జ్ చేస్తున్నారండి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టాలి. కరెంట్ పది నిమిషాలు కూడా పోకూడదన్నారు. మీరు ఒకసారి రాగలరా?"

నా జోడీదారును వెంటబెట్టుకుని వెళ్లాను. అతను గోదావరి అవతలి నుంచి బతకడానికి వచ్చినవాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరం కలిసే పని చేశాం, ఆ అపార్టుమెంటు కట్టినప్పుడు కూడా. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. నేను తక్కువ మాట్లాడి ఎక్కువ కోప్పడతాను. అతను ఎక్కువ మాట్లాడతాడు, కోపం మాత్రం రాదు. అందువల్లే జోడీ నిలబడింది.

ఆ ఇంట్లో ఇన్వర్టర్ వంటింటి వెనక వాష్ ఏరియాలో ఉంది. పెద్దావిడ పడుకోబోయే గది ఇంటికి ఆ చివర. ఇన్వర్టర్ నుంచి ఆ గదికి ఫ్యాను, లైటు నడిచే సన్న తీగ ఉంది కదా, దాన్నే మిషనుకు కలపొచ్చు కదా అని ఈ పని తెలిసినవాళ్లు అంటారు. కలపొచ్చు. అది ఇల్లంతా తిరిగి వచ్చే తీగ, దారిలో ఎన్ని అతుకులున్నాయో దేవుడికి తెలియాలి. మిషను చూస్తే రాత్రింబవళ్లు ఆగకుండా నడిచేది. ఒక్క అతుకు కాలితే ఆవిడ ఊపిరి ఆగుతుంది. నేను కలపను. వేరే లావు తీగ కావాలి.

ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది.

"గోడ మాత్రం కొయ్యొద్దండి, ప్లీజ్. అమ్మ ఊపిరితిత్తులు సగం పాడైపోయాయి. దుమ్ము అస్సలు తగలకూడదన్నారు. ఇల్లు మూడుసార్లు తుడిపించాను."

"గోడ ముట్టనే ముట్ట బిడ్డా" అన్నాను. "ఈ బిల్డింగుకు పైపులు ఏసిందే మేము. వాష్ ఏరియా నుంచి ఆ బెడ్రూం దాక ఒక ఖాళీ పైపు ఇడిచిపెట్టినం, ముందట పనికొస్తదని. అండ్ల నుంచి గుంజుతం. ఒక్క పెచ్చు గూడ రాలదు. గంటల అయిపోతది, ఫికర్ చెయ్యకు."

ఆమె కళ్లు తుడుచుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమె ఆఫీసు అక్కడికి నడిచిపోయేంత దూరమే. అప్పుడు మాత్రం ఆఫీసు ఆ డైనింగ్ టేబులే.

"గంట అని ఎందుకు చెప్తావ్ బావా?" అన్నాడు నా జోడీదారు గదిలోకి వచ్చాక. "మన జన్మలో ఏదైనా గంటలో అయిందా?"

"నువ్వు లేకుంటె అర్ధగంటల అయితుండె."

పడకగది స్విచ్ బోర్డు విప్పాను. ఖాళీ పైపు నోరు నేను అనుకున్న చోటే ఉంది. తీగ లాగడానికి ముందు పైపులోకి ఉక్కు స్ప్రింగు పంపుతాం. పట్టీలా ఉంటుంది, వంగుతుంది గానీ విరగదు. అది అవతలి నోట్లోంచి బయటికి వస్తే దాని తలకు తీగలు కట్టి వెనక్కి లాగడమే. నేను స్ప్రింగును పైకి తోశాను. సర్రున పోయి టక్కున ఆగింది. మళ్లీ తోశాను, ఆగింది. మలుపు అనుకుని తిప్పి తోశాను, కదల్లేదు.

వాష్ ఏరియా వైపు నుంచి నా జోడీదారు తోశాడు. ఇల్లంతా దాటి చాలా దూరం వచ్చి అదీ ఆగింది.

నేను తిట్టడం మొదలుపెట్టాను. ముందు ప్లాస్టరింగు చేసిన మేస్త్రీని తిట్టాను, పైపులోకి సిమెంటు జారవిడిచాడని. తర్వాత రంగులు వేసినవాడిని, లప్పం నింపాడని. ఆ తర్వాత ఏసీ బిగించినవాడిని, మేకు దించాడని. ఆ అమ్మాయి హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏదైనా ప్రాబ్లమా అంకుల్?"

"మేస్త్రీలు బిడ్డా. పని చేసేటప్పుడు సోయి ఉండది. లోపట సిమెంటు పడేసి పోయిన్రు. గాడిద కొడుకులు. ఎవడు చేసిండో గని, దొరికితే చెప్పు తీసి కొడుదు."

"పాపం, ఆ మేస్త్రీకి పొద్దున్నుంచీ పొలమారుతూనే ఉంటుంది" అన్నాడు నా జోడీదారు.

ఆ అమ్మాయి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

అలా మధ్యాహ్నం అయింది. సబ్బు నీళ్లు పోశాం. జీఐ తీగ అనే లావు ఇనుప తీగ తెచ్చి పొడిచాం. లాభం లేదు. చివరికి ఎప్పుడో మొదట్లోనే చేయాల్సిన పని చేశాను. అడ్డు ఎక్కడుందో కొలిచాను. స్ప్రింగు ఆగిన దగ్గర బోర్డు అంచున బొటనవేలితో నొక్కి పట్టి, బయటికి తీసి, గోడ వెంట నిలబెట్టాను. నా వేలి దగ్గర నుంచి దాని కొస వరకు సరిగ్గా బోర్డు పైనున్న గోడ ఎత్తు. కొస పోయి సీలింగు అంచుకు తగిలింది.

అక్కడికి మేస్త్రీ సిమెంటు చేరదు. లప్పం చేరదు. ఏసీ మేకు ఆ గోడ మీదే లేదు. అక్కడ ఉండేది స్లాబు పైపు నోరు. అక్కడ ఒక్కటే ఉండగలదు.

పన్నెండేళ్ల కిందటి మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. మూడో అంతస్తులో గుడ్డలన్నీ తీశాక తాడు మీద ఒక ముడి మిగిలింది. అంతస్తు రెండుసార్లు తిరిగాను. ఒక మూల సెంట్రింగు పలకలు నా ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక చూడలేదు. కింది నుంచి సూపర్‌వైజర్ అరిచాడు, "పైపులు అన్నీ క్లియరేనా?" అని. "అంత క్లియరే సార్" అన్నాను. లెక్కలో ఒక ముడి ఎక్కువ వేసి ఉంటానని నాకు నేనే చెప్పుకున్నాను. నా లెక్క తప్పదని పదిమందితో అనేవాణ్ని. ఆ రోజు మాత్రం లెక్కే తప్పిందనుకోవడం తేలికగా ఉండింది. ఆ పైపు ఖాళీ పైపు కాబట్టి మళ్లీ ఎవరికీ దానితో పని పడలేదు.

చేతికి తెలిసిపోయింది. నోరు ఒప్పుకోలేదు. ఇంకో గంట పొడుస్తూనే ఉన్నాను. తిట్లు మాత్రం ఆపేశాను. నా జోడీదారు అది గమనించాడు.

"ఏంటి బావా, మేస్త్రీని క్షమించేశావా?"

జీఐ తీగ కొసను గాలంలా వంచి పైకి పంపి తిప్పాను. ఏదో పట్టుకుంది. లాగితే చిరిగింది. గాలానికి నాలుగు దారపు పోగులు వచ్చాయి. నీలం రంగు. సిమెంటు అంటి బిరుసుగా ఉన్నాయి.

అతను వాటిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. నన్ను చూశాడు. అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది.

"ఏంటండీ అది?"

"పాత గుడ్డ పేలిక బిడ్డా. ఎవడో పెట్టి మర్సిపోయిండు" అన్నాను.

ఎవడో. ఆ మాట అన్నప్పుడు నా జోడీదారు కిటికీ వైపు తిరిగాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. నవ్వడం లేదు.

మూడున్నరకు వాళ్ల నాన్న దవాఖాన నుంచి ఫోను చేశాడు. ఆయన పెద్ద గొంతు హాల్లోంచి మాకు వినిపిస్తోంది. "అయిందా అమ్మా? వీళ్లు అయిదింటికల్లా బెడ్డు ఖాళీ చెయ్యమంటున్నారు. బయట స్ట్రెచర్ మీద ఇంకొకాయన ఉన్నాడు. అంబులెన్స్ చెప్పెయ్యనా, వద్దా?"

ఆమె ఫోను చేత్తో మూసి మా దగ్గరకు వచ్చింది.

"అంకుల్, నిజం చెప్పండి. అవుతుందా, అవదా? అవదంటే ఇప్పుడే చెప్పండి. నాన్న ఎవరి కాళ్లో పట్టుకుని ఒక్కరోజు ఆపుతారు. పొద్దున గంటన్నారు. ఇప్పుడు కూడా గంటే అంటే నేను నమ్మలేను."

నా జోడీదారు గొంతు తగ్గించి నాతో అన్నాడు. "సీలింగు అంచున గోడ నాలుగు అంగుళాలు కోసేద్దాం బావా. అరగంట. తడిగుడ్డలు కట్టి దుమ్ము ఆపుదాం."

దుమ్ము ఆగదు. కటింగ్ మిషను తిరిగిన గదిలో మూడు రోజులు గాలిలో పొడి తేలుతుంది. అది మా ఇద్దరికీ తెలుసు. కొయ్యకుండా తీసే దారి ఒకటుంది. అది నాకు ఒక్కడికే తెలుసు, ఎందుకంటే గుడ్డ కుక్కింది నేను. కింది నుంచి కుక్కాను. పొద్దున్నుంచి కింది నుంచే పొడుస్తున్నాం. అంటే పన్నెండేళ్ల కింద కుక్కిందాన్ని ఇంకా గట్టిగా కుక్కుతున్నాం. అది రావలసింది కిందికి. వాష్ ఏరియా వైపు నుంచి నెట్టాలి. అదే సమయంలో ఇటు కింద నుంచి గాలంతో నడుమ కాకుండా తోక పట్టుకుని లాగాలి. తోక ఉందని నాకెలా తెలుసని అడుగుతారు. చెప్పాలి.

"అయితది" అన్నాను. "అంబులెన్సు చెప్పుమను. బిడ్డా, ఇంకొక్క మాట. ఆ గుడ్డ పెట్టింది ఎవడో కాదు, నేనే. అది నా లుంగీ. బిల్డింగు కట్టినప్పుడు కుక్కిన, తియ్యలే. తీసిన అని అబద్ధం చెప్పిన. పొద్దుగాల్నుంచి తిట్టింది మేస్త్రీని కాదు, నన్నే."

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత అంది, "అయితే అదెలా తియ్యాలో మీకు తెలుసు కదండీ?"

"ఎరుకే."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

ఆమె ఫోన్లో "పంపించెయ్యండి నాన్నా" అంది. లాప్‌టాప్ దగ్గరకు పోయి ఎవరితోనో "నాకు అరగంట కావాలి, ఇంట్లో పని ఉంది" అని చెప్పి హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది. గదికీ వాష్ ఏరియాకూ మధ్య నడవాలో వచ్చి నిలబడింది. అవతలి మనిషి మాట ఇవతలి మనిషికి వినపడదు. మా మాటలు అటూ ఇటూ అందించింది ఆమే.

జోడీదారు స్ప్రింగు తలకు టేపు చుట్టి ఉండలా చేశాడు, గుడ్డను పొడవకుండా నెట్టాలి కాబట్టి. నేను ఇటు పక్క రెండు జీఐ తీగలు పేని, కొసను చిన్న గాలం చేసి పైకి పంపాను. పైపు గోడను ఆనించుకుంటూ మెల్లగా తిప్పాను. నడుమ తగిలితే వదిలేశాను. తోక అంచున ఉంటుంది. మూడోసారి మెత్తగా ఏదో చిక్కింది.

"నెట్టుమను."

"నెట్టండి అంకుల్!"

"ఆగుమను."

"ఆగండి, ఆగండి!"

"మెల్లగ. మూరెడు ఎనుకకు తీసి మల్ల నెట్టుమను."

ఎన్నిసార్లు అలా అన్నామో లెక్కపెట్టలేదు. ముడులు వేయడానికి తాడు కూడా లేదు. నా భుజం పట్టేసింది. ఆమె గొంతు బొంగురుపోయింది. నాలుగు దాటాక తీగ నా చేతిలో ఒక్క అంగుళం కిందికి వచ్చింది. ఆ తర్వాత ఇంకో అంగుళం. ఆ తర్వాత జారి బోర్డు డబ్బాలో పడింది.

వేలెడంత లావు, బెత్తెడు పొడవు. పైన సిమెంటు పొర, పగిలిన చోట నీలం గళ్లు. నడుమ నేను వేసిన ముడి అలాగే బిగిసి ఉంది. పని మాత్రం గట్టిగా చేశాననుకున్నాను. ఆ సమయంలో కూడా అనుకున్నాను, ఏం చేస్తాం.

మిగతా పని చెప్పేది లేదు. స్ప్రింగు ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. మూడు తీగల తలలు ఒకదాని కింద ఒకటి ఉండేలా కట్టి, టేపు చుట్టి, సబ్బు నీళ్లు రాసి లాగాం. ఒకడు తోసే జోరు, ఇంకొకడు లాగే జోరు ఒకటే అయితే తీగ పైపులో పాములా పోతుంది. తేడా వస్తే తీగ మీది ప్లాస్టిక్ తోలు ఊడుతుంది. తీగలతోపాటు ఒక నైలాను తాడు కూడా పంపాను. ఇది మీరు మరిచిపోవద్దు. రేపు ఇంకెవరికైనా ఆ పైపుతో పని పడితే వాడికి ఆ తాడు చేతికి దొరకాలి. మన తర్వాత వచ్చేవాడు మనల్ని తిట్టకుండా ఉండడానికి ఇంతకన్నా తేలికైన పని లేదు.

అయిదుకు పది నిమిషాలు ఉందనగా ప్లగ్గులో మిషను పెట్టాం. బీప్ అని, గురక పెడుతున్నట్టు నడిచింది. ఇంటి మెయిన్ ఆపి చూశాం. ఆగలేదు. నేల తడిగుడ్డతో నేనే తుడిచాను.

అయిదున్నరకు ఆవిడను చక్రాల కుర్చీలో తెచ్చారు. చాలా సన్నగా ఉంది. ఎవరినీ చూడలేదు, ఆవిడ ధ్యాసంతా తర్వాతి ఊపిరి మీదే. మాస్కు తీసి ముక్కుకు గొట్టం పెట్టాక కాసేపటికి ఆవిడ భుజాలు కిందికి దిగాయి. మేము సామాను సంచిలో వేసుకుని బయటికి వచ్చాం.

మెట్లు దిగుతుంటే నా జోడీదారు అడిగాడు. "పొద్దున్నుంచీ నీకు పొలమారలేదా బావా?"

"ఇగ చాలు తియ్యి."

రెండో అంతస్తు మెట్ల మలుపులో అతను ఆగాడు.

"ఆ ఫ్లాట్‌లో గోడ పైపులు అతికించింది నేనే బావా. స్లాబు పైపు నోట్లో ఏముందో చూడకుండా, వేలాడుతున్న తోకని లోపలికి తోసేసి గమ్ము పూసేశాను. నీలం పోగు చూడగానే గుర్తొచ్చింది."

"మరి జెప్పలేదేంది?"

"నువ్వు చెప్తావేమో అని చూశాను."

ఇద్దరం కింద టీ తాగాం. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆ రోజుకు సరిపడా తిట్టడం అయిపోయింది.

నెల తర్వాత బోర్డులో తీగలు బిగించిన చోటు వేడెక్కుతోందా అని చూడడానికి ఒక్కణ్నే వెళ్లాను. ఎవరూ పిలవలేదు. పెద్దావిడ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది, ముక్కుకు గొట్టం. కూతురు అంతా చెప్పినట్టుంది.

"మీ లుంగీ గురించి... విన్నానండీ" అంది మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. నవ్వబోతే దగ్గొచ్చింది. నేను బోర్డు విప్పి తీగలు తడిమి చూశాను. చల్లగా ఉన్నాయి. మూత బిగించబోతుంటే ఆవిడ పక్కనున్న పెన్ను తీసి నా వైపు చాచింది.

"మూత లోపలి వైపు రాసిపెట్టండి. ఏ పైపు ఎక్కడికి పోతుందో. తర్వాత వచ్చేవాడికి తెలియాలి కదా."

నేను ఆ పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఇలాంటప్పుడు అనే మాట ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉండేది. "అద్దాలు ఇంటి కాడ మర్సిపోయినమ్మా" అన్నాను. ఆవిడ పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరైనావిడ. నాలాంటివాళ్ల వేలిముద్రలు ఎన్ని వేయించుకుని ఉంటుందో, అద్దాలు మరిచిపోయినవాళ్లను ఎంతమందిని చూసి ఉంటుందో. పెన్ను వెనక్కి తీసుకుంది.

"ఈసారి వచ్చినప్పుడు రాద్దురు గానీ. తొందరేం లేదు."

ముప్పై ఏళ్లలో సూపర్‌వైజర్లు, ఇంజనీర్లు నన్ను చాలా మాటలన్నారు. ఏదీ తగల్లేదు. ఇది తగిలింది. ఒకే ఇంట్లో రెండు అబద్ధాలు చెప్పాను. మొదటిది తీయడానికి పన్నెండేళ్లు పట్టింది.

నా భార్య ఏడో తరగతి దాకా చదివింది. ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఏడాది పట్టింది, అందులో సగం పోట్లాటకే పోయింది. "ఇంత పెద్ద తలకాయల ఒక్క ఒత్తు కూసుంటలేదేంది?" అనేది. మెట్రో స్టేషన్ల పేర్లు, హాస్టళ్ల బోర్డులు, తీగ చుట్టల మీద అట్టలు, దొరికినవన్నీ కూడబలుక్కుంటూ తిరిగాను. నా జోడీదారు మొదట నవ్వాడు. తర్వాత అతనే నా వెనక నడుస్తూ పరీక్ష పెట్టేవాడు.

ఆ తర్వాత ఇంకొన్ని నెలలకు ఆ ఇంటి నుంచి ఫోను వచ్చింది, గీజరు పనిచేయడం లేదని. వెళ్లి బెల్లు కొట్టాను. పెద్దావిడే వచ్చి తలుపు తీసింది. ముక్కుకు గొట్టం లేదు. తలుపు తీసేందుకు లేచి వచ్చినందుకు కొంచెం ఆయాసపడుతోంది, అంతే. మిషను ఎప్పుడో తిరిగి ఇచ్చేశారట. ఆ ప్లగ్గులో ఇప్పుడు ఫోను చార్జింగు పెట్టుకుంటోంది. అంత లావు తీగ, అంత పోట్లాట, ఫోను చార్జింగుకు. నాకు నచ్చింది.

గీజరు బాగుచేశాక పడకగదిలోకి వెళ్లి బోర్డు మూత విప్పాను. నైలాను తాడు కొస అక్కడే ఉంది. అటు చివర వాష్ ఏరియాలో ఆవిడ చేత కొస పట్టించి, నేను ఇటు నుంచి మెల్లగా లాగి చూశాను. సాఫీగా కదిలింది. అటూ ఇటూ రెండుసార్లు లాగి సరిచూసుకున్నాను. తర్వాత ఆవిడ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, మూత లోపలి వైపు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ పక్కనే నిలబడింది, తొందరపెట్టలేదు.

"ఈ పైపు వాష్ ఏరియాకు పోతది. తాడు లోపల ఉంది. పైపు క్లియర్. నేను చూసిన."